ఊర్లో తట్టు-రుబెల్లా టీకా క్యాంప్ సేఫ్‌గా నడపడం ఎట్లా? లిస్ట్ రాసే దగ్గర్నించి సాయంత్రం వయల్స్ (టీకా సీసాలు) వాపసు దాకా

కొత్తగా సూపర్‌వైజర్లుగా వచ్చినోళ్ళు, సీహెచ్‌ఓలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు), క్యాంప్‌కి స్కూల్ ఇచ్చే హెచ్‌ఎం సార్లు అడిగేది ఒకటే, ఏది ముందు ఏది వెనక అని. గైడ్‌లైన్స్ అందరి దగ్గరా ఉంటాయి గానీ పొద్దున ఏడు గంటలకి బండి రాలేదు, ఐస్ ప్యాకులు గడ్డలాగే ఉన్నాయి, ఇంకోపక్క తల్లులు వచ్చి కూర్చున్నారు అంటే ఏం చేయాలో అందులో వెతుక్కునే టైమ్ ఉండదు. అందుకే పని జరిగే వరసలోనే రాస్తున్నా.

మశూచి టీకా గురించి కూడా కొందరు అడిగారు. ఆ జబ్బు లోకంలోనే లేకుండా పోయిందని 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ ప్రకటించింది, మన దగ్గర పిల్లలకి ఆ టీకా ఇప్పుడు వేయరు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా తట్టు-రుబెల్లా, అంటే ఎంఆర్ టీకా గురించే.

ఒక మాట మాత్రం ముందే పెట్టుకోండి. ఎంఆర్ టీకాతో బిడ్డకి పెద్ద ప్రమాదం రావడం చాలా అరుదు, ప్రమాదం వస్తే ఎక్కువగా మన చేతి పని వల్లే వస్తుంది, ఒకదానికి బదులు ఇంకోటి కలపడం, పొద్దున కలిపింది సాయంత్రం దాకా వేయడం, ఇట్లాంటివి. సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చుని ఎంతమందికి అయింది ఎంతమందికి అయింది అని ఫోన్‌లో నంబర్లు పంపిస్తా ఉంటే వీటిల్లో ఒక్కటి కూడా కంటపడదు. మీరు చూడాల్సింది మూడే: వ్యాక్సిన్ డబ్బా, గోడ గడియారం, టీకా అయినాక తల్లులు కూర్చునే బెంచీ.

1. మూడు వారాల ముందు: పేర్ల లిస్ట్

ఎంఆర్ మొదటి డోసు 9 నెలలు నిండినాక 12 నెలల లోపల, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. తప్పిపోయిన బిడ్డకి 5 ఏళ్ళ దాకా వేయచ్చు, రెండు డోసుల మధ్య కనీసం 4 వారాలు ఉండాల.

ఆశా అక్క రిజిస్టర్, అంగన్‌వాడీ రిజిస్టర్, యూ-విన్‌లో (సర్కారు ఆన్‌లైన్ టీకా రిజిస్టర్) ఉన్న పేర్లు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి టిక్ కొట్టండి. మూడూ ఒకటిగా ఉంటే నాకైతే అనుమానమే, ఎవరో ఒకర్ని చూసి ఇంకొకరు రాసుకున్నట్టు. నిజంగా ఇంటింటికీ తిరిగితే తేడా రావాల, కాన్పుకి పుట్టింటికి వచ్చిన అమ్మాయి బిడ్డ ఒక లిస్ట్‌లో ఉంటుంది ఇంకోదాంట్లో ఉండదు.

ఏ రిజిస్టర్‌లోనూ లేని పిల్లోళ్ళ కోసం విడిగా తిరగాల:

- ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు
- చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకి సీజన్‌లో కూలికి వచ్చిన కుటుంబాలు
- తిరుపతిలో అపార్ట్‌మెంట్లు కట్టే చోట రేకుల షెడ్లు
- ఊరి బయట యానాదుల కాలనీలు, సంచార కుటుంబాలు వేసుకున్న గుడారాలు
- బస్టాండ్, రైల్వే స్టేషన్ చుట్టూ అమ్ముకుని బతికేవాళ్ళు

వీళ్ళ పేర్లు వేరే పేజీలో రాసి, మేస్త్రీ ఫోన్ నంబర్ పక్కనే రాసుకోండి. తల్లి ఫోన్ కంటే మేస్త్రీ ఫోనే పనికొస్తుంది, పని ఆపి బిడ్డని తీసకపోమని చెప్పాల్సింది ఆయనే కదా.

2. తేదీ, చోటు

మామూలుగా మన దగ్గర టీకాలు బుధవారం, శనివారం. క్యాంప్ కూడా వాటిలోనే పెడితే జనానికి గుర్తుంటుంది. అయితే క్యాలెండర్ చూడకుండా పెట్టొద్దు. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర వారం పెట్టారంటే టౌన్‌లో ఎవరూ రారు. పెరటాసి (సెప్టెంబర్-అక్టోబర్‌లో వచ్చే తమిళ నెల) శనివారాలు ఉపవాసాలు, గుడి, గోవిందలు, నగరి సత్యవేడు వైపైతే మరీను. ఆ నెల బుధవారమే పెట్టుకోండి.

ఎండాకాలం అయితే పొద్దున 8కే మొదలుపెట్టి 12 లోపల ముగించేయండి. ఇది జనం సుఖం కోసం మాత్రమే కాదు, కింద 7లో చెప్పే నాలుగు గంటల లెక్కకి కూడా కలిసొస్తుంది.

చోటు ఎంచేటప్పుడు చూసుకునేవి:

- లోపలికి ఒక వాకిలి, బయటికి ఇంకో వాకిలి
- టీకా అయినోళ్ళు అరగంట కూర్చునేదానికి నీడ, తాగేదానికి నీళ్ళు
- ఒకర్ని పడుకోబెట్టేదానికి బల్ల లేదా చాప
- 108 బండి వాకిలి దాకా వస్తుందా. ఇది నడిచి చూడాల, సందులో ఎవరో ఇసక పోసి పెట్టుంటారు

గుడి మంటపం బాగుంటుందని చాలామంది అడుగుతారు. కులం, మతం పేరు చెప్పి ఒక్క ఇల్లైనా గడప తొక్కదు అనిపిస్తే వద్దు, స్కూల్ గానీ అంగన్‌వాడీ గానీ మేలు.

3. ఎన్ని వయల్స్, ఎన్ని సిరంజీలు

పిల్లల సంఖ్యని వేస్టేజ్ ఫ్యాక్టర్‌తో (వృథా అయ్యే డోసులు కూడా కలుపుకునే అంకె) గుణించాల. రొటీన్ సెషన్‌లో ఎంఆర్‌కి అది 1.33. అంటే 26 మంది పిల్లలుంటే 26 × 1.33 = 34.6 డోసులు, 10 డోసుల వయల్స్ అయితే 4.

వయల్ ఒక్కటే రాసుకుని ఇండెంట్ పంపించేస్తారు చాలామంది. జతగా ఇవన్నీ రాయాల:

- డైల్యూయెంట్ (టీకా పొడిలో కలిపే నీళ్ళు) ఆంప్యూల్స్ 4, ఆ వయల్స్ తయారుచేసిన కంపెనీవే
- కలిపేదానికి 5 ఎంఎల్ డిస్పోజబుల్ సిరంజీలు 4, వయల్‌కి ఒకటి
- 0.5 ఎంఎల్ ఏడీ సిరంజీలు (ఒక్కసారి వాడితే మళ్ళీ పనిచేయనివి) 29 (26కి పది శాతం ఎక్కువ)
- విటమిన్ ఏ సీసా, దాని స్పూన్
- హబ్ కట్టర్ (వాడిన నీడిల్ కోసే డబ్బా), రెడ్ బ్యాగ్, బ్లూ డబ్బా, పసుపు బ్యాగ్

ఇంకోటి, వయల్ వేస్ట్ అయిపోతుందని ఒక్క బిడ్డ ఉంటే తిప్పి పంపించడం ఇంకా జరుగుతా ఉంది. ఒక్క బిడ్డ వచ్చినా వయల్ తెరవాల్సిందే. పది కిలోమీటర్ల నుంచి ఆటోలో వచ్చిన తల్లి ఒకసారి వెనక్కి పోతే రెండోసారి రాదు.

4. ముందు రోజు

డైల్యూయెంట్‌ని ఐఎల్‌ఆర్‌లో (టీకాలు పెట్టే ఫ్రిజ్) కనీసం 24 గంటల ముందు పెట్టాల. వ్యాక్సిన్ చల్లగా ఉండి నీళ్ళు బీరువాలోంచి వెచ్చగా వస్తే కలపగానే ఆ వేడికి టీకా దెబ్బతింటుంది. చాలా చోట్ల డైల్యూయెంట్ అట్టపెట్టె ఫార్మసీ రూమ్‌లోనే ఉంటుంది, ముందు రోజు మధ్యాన్నం ఎవరూ గుర్తుచేయకపోతే అక్కడే ఉంటుంది.

ఐఎల్‌ఆర్ టెంపరేచర్ బుక్ తీసి గత వారం చూడండి. రోజుకి రెండుసార్లు రాసుండాల, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల. వారమంతా పొద్దున 4, సాయంత్రం 4, పొద్దున 4, సాయంత్రం 4 అని ఒకే పెన్నుతో ఒకే వాలుగా రాసుంటే ఆ పేజీని నమ్మకండి, థర్మామీటర్ చూడండి. కరెంటు పోయిన రోజు ఏదో అడిగి, ఆ రోజు రాసిన అంకె చూడండి, తెలిసిపోతుంది.

అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికొచ్చే అలర్జీ) కిట్ మూత తెరిచి చూడాల్సింది కూడా ఈ రోజే. అడ్రినలిన్ ఆంప్యూల్స్ మీద ఎక్స్‌పైరీ డేట్, సిరంజీలు, నీడిల్స్, వయసుని బట్టి డోసు రాసిన చార్ట్. సీల్ వేసుంది కదా అని వదిలేయొద్దు, సీల్ లోపల మందు గడువు దాటి ఉండచ్చు.

ఊర్లో టముకు, మసీదు మైక్, వాట్సాప్ గ్రూప్, ఏది పనిచేస్తే అది. కుప్పం, నగరి, సత్యవేడు వైపు తమిళంలో కూడా చెప్పించండి. మెసేజ్‌లో ముఖ్యం ఒకటే, తల్లీబిడ్డల కార్డు తెచ్చుకోమని.

5. పొద్దున ప్యాకింగ్

ఐస్ ప్యాకులు డీప్ ఫ్రీజర్‌లోంచి తీసి వెంటనే క్యారియర్‌లో పెట్టొద్దు. ఎంఆర్ గడ్డకట్టినా ఏమీ కాదు, కానీ అదే డబ్బాలో పెంటావాలెంట్, హెపటైటిస్ బి, టీడీ ఉంటాయి, అవి గడ్డకడితే పనికిరావు. ప్యాకుల్ని బల్ల మీద పరిచి పెట్టండి, పైన చెమట పట్టాల, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్ళు గలగలమనాల. అప్పుడు క్యారియర్‌లో నాలుగు వైపులా నాలుగు. బండాయన హారన్ కొడతా ఉంటాడు, కొట్టనీండి.

వయల్స్ జిప్ కవర్లో పెట్టాల, కరిగిన నీళ్ళు తగిలి లేబుల్స్ ఊడిపోకుండా. ప్రతి వయల్ మీదా వీవీఎం (వేడి తగిలితే రంగు మారే గుర్తు) చూడండి: లోపలి చదరం చుట్టూ ఉన్న వృత్తం కంటే తెల్లగా ఉంటే వాడచ్చు, రెండూ ఒకే రంగుకి వచ్చినా, చదరం ఇంకా నల్లబడినా పక్కన పెట్టేయాల.

పెట్టేటప్పుడే చూసుకునేవి:

- వయల్స్ ఎన్నో డైల్యూయెంట్స్ అన్ని, పేరూ కంపెనీ ఒకటేనా
- రెండింటి మీదా ఎక్స్‌పైరీ
- క్యారియర్‌లో టీకాలు, డైల్యూయెంట్ తప్ప వేరే ఇంజెక్షన్ ఏదీ లేదు, మన మధ్యాన్నం పెరుగు డబ్బా కూడా లేదు
- ఐఎల్‌ఆర్‌లో కూడా టీకాలు, డైల్యూయెంట్ తప్ప ఇంకే మందూ లేదు

చివరి రెండూ ఎందుకో 7లో చదవండి.

6. క్యాంప్ దగ్గర అమరిక

రాసే బల్ల, వేసే బల్ల, కూర్చునే బెంచీ, ఈ వరసలో. జనం ఒకే వైపు నడవాల, టీకా అయిన బిడ్డ మళ్ళీ క్యూలోకి రాకూడదు. క్యారియర్ నీడలో, వేసే ఏఎన్‌ఎం చేతికి అందేంత దూరంలో. దాని మీద ఎవరూ కూర్చోకూడదు, నవ్వకండి, కుర్చీలు తక్కువ పడితే మొదట కూర్చునేది దాని మీదే.

మూత మాటిమాటికీ తీయొద్దు. ఒక ఐస్ ప్యాక్ బయటికి తీసి బల్ల మీద పెట్టుకుంటే దానికుండే గుంటల్లో తెరిచిన వయల్ కూర్చుంటుంది. ఎండ తగిలే కిటికీ పక్కన మాత్రం వద్దు, కలిపిన ఎంఆర్ వెలుతురుకి కూడా పాడవుతుంది.

7. కలపడం: మీరు నిలబడి చూడాల్సిన పని

రోజు మొత్తంలో ఒక్కసారే బల్ల దగ్గర నిలబడే తీరిక ఉంటే, ఇక్కడ నిలబడండి.

2018 జులైలో సమోవా అనే చిన్న ద్వీప దేశంలో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకా వేసిన కాసేపటికే ఇద్దరు పసిబిడ్డలు చనిపోయారు. టీకాలో తప్పు లేదు. పొడిలో కలపాల్సిన నీళ్ళకి బదులు నర్సులు కండరాలని సడలించే మత్తు డాక్టర్ల మందు కలిపారు, అదీ గడువు తీరింది. ఆ భయంతో అక్కడ ఈ టీకా నెలల తరబడి ఆగిపోయింది, మళ్ళీ మొదలైనాక కూడా జనం నమ్మలేదు, 2019లో తట్టు వచ్చి 83 మంది పోయారు, ఎక్కువమంది చిన్నబిడ్డలే. రెండు ఆంప్యూల్స్ దగ్గర మొదలైంది ఇదంతా.

మన దగ్గర కూడా ఎంఆర్‌కి స్టెరైల్ వాటర్, క్షయకి వేసే బీసీజీకి సెలైన్, మెదడువాపుకి వేసే జేఈకి ఇంకో ద్రావణం. అన్నీ చిన్నచిన్న గాజు ఆంప్యూల్సే, ఒకే ట్రేలో పడేస్తే ఏది ఏదో తెలీదు. అందుకని:

1. ఏఎన్‌ఎం వయల్ లేబుల్ గట్టిగా చదవాల, ఇంకొకరు డైల్యూయెంట్ లేబుల్ గట్టిగా చదవాల. పేరు, కంపెనీ, గడువు. మనసులో చదువుకోవడం లెక్కలోకి రాదు.
2. కొత్త 5 ఎంఎల్ సిరంజీతో డైల్యూయెంట్ మొత్తం ఎక్కించాల. కొంచెం మిగిల్చినా, ఇంకో ఆంప్యూల్ నీళ్ళు చేర్చినా డోసు తేడా వస్తుంది.
3. వయల్‌ని మెల్లగా తిప్పాల, గట్టిగా కొట్టినట్టు ఊపొద్దు. పొడి పూర్తిగా కరగాల.
4. కలిపిన టైమ్ లేబుల్ మీద పెన్నుతో రాయాల. చేతి మీద కాదు, రిజిస్టర్‌లో కాదు, వయల్ మీదే.
5. ఆ సిరంజీ అక్కడితో అయిపోయింది, రెండో వయల్‌కి కొత్తది.

టైమ్ రాసిన దగ్గర్నించి 4 గంటలు, లేదా సెషన్ అయ్యేదాకా, ఏది ముందొస్తే అది. తర్వాత లోపల ఆరు డోసులున్నా వాడకుండా పక్కన పెట్టాల్సిందే. తెరిచిన వయల్ 28 రోజులు వాడచ్చు కదా అని వాదించేవాళ్ళుంటారు, ఆ ఓపెన్ వయల్ పాలసీ పెంటావాలెంట్, టీడీ, పోలియో చుక్కలు లాంటి వాటికి. ఎంఆర్, బీసీజీ, పొడిగా వచ్చే జేఈకి లేదు. వీటిలో క్రిములని ఆపే మందేమీ కలిపి ఉండదు, ఒక్క క్రిమి లోపలికి పోయినా గంటల్లో పెరుగుతుంది. అట్లాంటి వయల్‌తో వేస్తే బిడ్డకి కొద్ది గంటల్లోనే తీవ్రమైన జ్వరం, వాంతులు, విరేచనాలు, ప్రాణం మీదికే వస్తుంది.

ఇక్కడ జరిగే తప్పులు, సర్దుకోవడం:

- జనం ఎక్కువున్నారని మూడు వయల్స్ ఒకేసారి కలిపేయడం. ఒకటి అయిపోవస్తా ఉన్నప్పుడే ఇంకోటి.
- సిరంజీలన్నీ ముందే నింపి వరసగా పెట్టడం. బిడ్డ ఒళ్ళో కూర్చున్నాకే నింపాల.
- మూత రబ్బర్‌లో నీడిల్ గుచ్చి వదిలేయడం. చూసిన క్షణమే ఆ వయల్ పక్కన పెట్టించండి, మొహమాటం వద్దు.
- టైమ్ రాయలేదు, ఎప్పుడు కలిపారో ఎవరికీ గుర్తులేదు. అంచనా వేయకండి, దాన్ని పక్కన పెట్టి కొత్తది తీయండి.

8. వేయడం

ముందు మూడు ప్రశ్నలు: ఇంతకుముందు ఏదైనా టీకాకి ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటివి వచ్చాయా? ఇప్పుడు ఎక్కువ జ్వరం గానీ హాస్పిటల్‌లో చేర్చాల్సినంత జబ్బు గానీ ఉందా? రోగనిరోధక శక్తి బాగా తగ్గించే జబ్బుకి మందులు వాడుతున్నారా? ఒక్కదానికి అవును అన్నా డాక్టర్‌ని అడగకుండా వేయొద్దు.

జలుబు, కొద్దిపాటి దగ్గు, రెండుసార్లు విరేచనం అయింది, వీటికి ఆపక్కర్లేదు. ముక్కు కారే బిడ్డని తిప్పి పంపిస్తే మన ఊర్లలో చలికాలం అంతా ఎవరికీ వేయలేం.

ఎంఆర్ కుడి భుజం పైభాగంలో, చర్మం కింద, 0.5 ఎంఎల్. బిడ్డని తల్లి ఒళ్ళో పక్కకి తిప్పి పట్టుకోవాల. సిరంజీకి మూత మళ్ళీ పెట్టొద్దు, అట్లాగే హబ్ కట్టర్‌లోకి. రాసేవాళ్ళు కార్డులో డేట్, వయల్ బ్యాచ్ నంబర్ రిజిస్టర్‌లో అప్పటికప్పుడే రాయాల, సాయంత్రం కూర్చుని రాస్తే ఏ బిడ్డకి ఏ వయల్ అనేది పోతుంది. విటమిన్ ఏ మొదటి డోసుతో 1 ఎంఎల్, అది స్పూన్‌తో నోట్లో.

9. అరగంట బెంచీ

అందరూ తొందరగా దాటేసేది ఇదే. "బస్సు పోతుంది మేడమ్" అంటారు, నిజంగానే మన పల్లెలకి ఆ బస్సు పోతే మధ్యాన్నం దాకా ఇంకోటి ఉండదు. దానికి ఒక ఉపాయం, కార్డు తిరిగి ఇచ్చేది బెంచీ దగ్గరే, అరగంట అయినాకే. బస్సు టైమ్ ముందే కనుక్కుని ఆ ఊరోళ్ళకి మొదట వేసేయండి.

బెంచీ దగ్గర ఆశా అక్కని కూర్చోబెట్టి ఈ తేడా నేర్పించండి. పెద్దపిల్లలు భయంతో సొమ్మసిల్లితే మొహం పాలిపోతుంది, చెమట పడుతుంది, నాడి నెమ్మదిగా కొట్టుకుంటుంది, పడుకోబెట్టి కాళ్ళు పైకి పెడితే తేరుకుంటారు. అనాఫిలాక్సిస్ అయితే ఒంటిమీద దద్దుర్లు, పెదాలు కళ్ళు వాయడం, పిల్లికూతలు లేదా గొంతు బొంగురు, వాంతి, నాడి గబగబా బలహీనంగా. పసిబిడ్డ వాలిపోతే మాత్రం భయంతో సొమ్మసిల్లిందిలే అనుకోవద్దు, ఆ వయసులో అది జరగడం చాలా అరుదు.

అనుమానం వస్తే వరస ఇది: ఒకరు 108కి ఫోన్, ఇంకొకరు బిడ్డని పడుకోబెట్టడం, ఏఎన్‌ఎం కిట్‌లోని చార్ట్ ప్రకారం అడ్రినలిన్ తొడ కండరంలో. డాక్టర్‌కి ఫోన్ కలిసేదాకా ఆగొద్దు. ఎవరు ఏం చేయాలో పొద్దున్నే పేర్లు చెప్పి పంచండి, లేకపోతే ముగ్గురూ 108కే ఫోన్ చేస్తారు.

10. తల్లికి చెప్పాల్సింది

ఏ టీకా దేనికి వేశాం; ఏమేం రావచ్చు, వస్తే ఏం చేయాల; మళ్ళీ ఎప్పుడు; కార్డు జాగ్రత్త. నాలుగే.

రెండోది మన జిల్లాల్లో కొంచెం నిదానంగా చెప్పాల. ఎంఆర్ వేసినాక వారం పన్నెండు రోజుల మధ్య కొందరు పిల్లలకి జ్వరం, సన్నగా ఎర్రటి పొక్కు వస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ముందే చెప్పలేదంటే ఇంట్లో అవ్వ చూసి "అమ్మవారు పోసింది" అంటుంది, వాకిట్లో వేపాకు కడతారు, మందు వద్దంటారు, ఆశా అక్కని కూడా లోపలికి రానీరు. వేపాకు కట్టుకోనీండి, దానితో మనకి తగువు లేదు. "అవ్వా, ఇది టీకా వల్ల వచ్చే చిన్న పొక్కు, వస్తే మాకొక ఫోన్ చెయ్యి, నీళ్ళు పాలు మానకుండా తాపు" అని ఆ అవ్వతోనే మాట్లాడండి, తల్లితో కాదు. నిర్ణయం ఎవరిదో మీకూ తెలుసు. జ్వరానికి పారాసిటమాల్ బరువుని బట్టి ఎంతో కార్డు వెనక రాసివ్వండి. జ్వరం మూడు రోజుల్లో తగ్గకపోయినా, ఫిట్స్ వచ్చినా, పాలు తాగకపోయినా వెంటనే పీహెచ్‌సీకి.

11. సాయంత్రం

కోసిన నీడిల్స్ తెల్ల డబ్బా, ప్లాస్టిక్ సిరంజీలు రెడ్ బ్యాగ్, గాజు ఆంప్యూల్స్ బ్లూ డబ్బా, రక్తం అంటిన దూది పసుపు బ్యాగ్. స్కూల్ వెనక కాల్చడం, గుంటలో వేయడం లేదు, అన్నీ పీహెచ్‌సీకి వాపసు. పోయేముందు బల్ల కింద ఒకసారి చూడండి, మర్నాడు అక్కడ పిల్లోళ్ళు ఆడుకుంటారు.

వాడిన, మిగిలిన ఎంఆర్ వయల్స్ అదే రోజు పారేయొద్దు. విడిగా కవర్లో పెట్టి "వాడకూడదు" అని రాసి 48 గంటలు ఐఎల్‌ఆర్‌లో ఉంచాల, ఎవరికైనా తేడా వస్తే పరీక్షకి అవే కావాల.

12. నిజంగా ఏదైనా జరిగితే

బిడ్డ చికిత్స ముందు. ఆ తర్వాత అదే బ్యాచ్ వాడకం ఆపి, వయల్, డైల్యూయెంట్, సిరంజీలు ఉన్నవి ఉన్నట్టు చల్లగా పెట్టాల. మెడికల్ ఆఫీసర్‌కి వెంటనే ఫోన్, రిపోర్ట్ ఫారం 24 గంటల్లో జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసర్‌కి. రిజిస్టర్‌లో ఒక్క అక్షరం దిద్దొద్దు. టైమ్ రాయని చోట ఇప్పుడు రాయడం, బ్యాచ్ నంబర్ చెరపడం చేస్తే అసలు కారణం ఎప్పటికీ తేలదు, అన్నీ సరిగ్గా చేసిన ఏఎన్‌ఎం మీదే పడుతుంది.

ఊర్లో మాట్లాడేది ఒక్కరే ఉండాల. "టీకా వల్ల కాదు" అని కారణం తెలియకుండా అనేయొద్దు, "టీకా వల్లే" అని కూడా. ఏం జరిగిందో, బిడ్డ ఇప్పుడు ఎక్కడుందో, ఎవరు చూస్తున్నారో చెప్పండి. ఆ ఇంటికి మీరే పోండి, కింది వాళ్ళని పంపొద్దు.

13. మర్నాడు

రాని వాళ్ళ పేర్లు తీసి పక్కనే కారణం రాయండి, "ఇష్టం లేదు" అని ఒక్కటే రాస్తే ఏమీ తెలీదు:

- ఊర్లో లేరు: ఎప్పుడొస్తారు
- బిడ్డకి జ్వరం: తగ్గినాక ఏ బుధవారం
- పోయినసారి టీకాకి కాలు వాచింది: డాక్టర్‌తో మాట్లాడించాల
- నాన్న వద్దన్నాడు: సాయంత్రం ఏడు తర్వాత పోవాల, పగలు ఆయన ఇంట్లో ఉండడు
- కూలి పోతుందని: మేస్త్రీకి ఫోన్

ఈ కాగితం ఆశా అక్క దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి. బట్టీ వాళ్ళ పేజీ మాత్రం ఆ వారమే చూడండి, వానలు మొదలైతే వాళ్ళు అక్కడ ఉండరు.